చక్రాల ఇంట్లో మరుగుదొడ్డి: కాగితం లెక్క, నీళ్ల లెక్క

(బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాల కోసం జరిగిన వేసవి ప్రయాణాల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్లు స్కాట్లండ్ దారులు, వ్యాన్ అద్దెలు, బీమా, వంట సామాను అన్నీ చెప్పేశారు. ఎవరూ ముట్టుకోని విషయం నాకు మిగిలింది. కార్యక్రమ పత్రంలో దీన్ని ‘పారిశుద్ధ్య ఏర్పాట్లు’ అని మర్యాదగా అచ్చువేశారు. నేను మరుగుదొడ్డి అనే అంటాను. మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగం చేస్తున్నదాన్ని కాబట్టి నాకు ఆ మాట దగ్గర మొహమాటం లేదు. మీరూ ఒక అరగంట పక్కన పెట్టండి. నిర్వాహకులు నన్ను భోజనాల తర్వాత కాకుండా ఇప్పుడే పిలవడం తెలివైన పని.

పడకలు, వంటగట్టు ఉండే క్యాంపర్ వ్యాన్లలోని మరుగుదొడ్ల గురించి ఇంగ్లీషులో పుస్తకాలున్నాయి, వీడియోలున్నాయి, కంపెనీల కరపత్రాలున్నాయి. అవన్నీ చదివి కొనుక్కుని, మూడో రోజుకే నిండిపోయిందేమిటని అడిగేవాళ్లు మనలో చాలామంది. అందుకు కారణం సులభమైనదే. ఆ ట్యాంకుల లెక్కలన్నీ కాగితం వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినవి. మనం నీళ్లు వాడతాం. ఈ ఒక్క తేడాతో ఏ రకం మంచిది, ఏ రకం కాదు అన్న లెక్క మొత్తం మారిపోతుంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే.

ముందుగా అందరికీ తెలిసిన చిన్న డబ్బా రకం. దీన్ని పోర్టా పొట్టి అంటారు. అది నిజానికి థెట్‌ఫర్డ్ అనే కంపెనీ పెట్టిన పేరు. ఆ కంపెనీ 1960ల్లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు ఏ కంపెనీ డబ్బానైనా జనం ఆ పేరుతోనే పిలుస్తారు. ఇందులో రెండు భాగాలు. పై భాగంలో కూర్చునే పీట, కడిగే నీళ్ల ట్యాంకు. కింది భాగంలో మలమూత్రాలు చేరే ట్యాంకు. మధ్యలో పక్కకు జరిగే ఒక పలక, దాని చుట్టూ రబ్బరు. నిండాక కొక్కేలు విప్పి, కింది భాగాన్ని మాత్రం పట్టుకెళ్లి పారబోసి రావాలి.

దీని లాభాలు తక్కువేమీ కాదు. సుమారు వంద పౌండ్లకు వస్తుంది. వ్యానుకు రంధ్రం పెట్టనక్కర్లేదు, తలుపు కోయనక్కర్లేదు. అద్దె వ్యానులోకి మీ సొంతది తీసుకెళ్లవచ్చు. గుడారంలోనూ పనికొస్తుంది. ఇంట్లో ఎవరికైనా కాలు విరిగి మేడ ఎక్కలేకపోతే అప్పుడూ పనికొస్తుంది. కానీ కొనేముందు ఎత్తు చూడండి. చిన్న నమూనాలు నేల నుంచి ముప్పై సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. వాటి ట్యాంకు పది లీటర్లే. పెద్దవి నలభై సెంటీమీటర్లు దాటుతాయి, ట్యాంకు ఇరవై లీటర్ల పైన ఉంటుంది. వేసవిలో మన వ్యానుల్లో ఎక్కేది ఎవరు? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న డబ్బా మీద కూర్చోబెట్టి, ఊగే వ్యానులో పట్టుకోవడానికి ఏమీ లేకుండా లేవమనడం క్రూరత్వం. చిన్నది ముద్దుగా ఉందని, బీరువాలో పడుతుందని కొనకండి.

పెద్దది కొన్నా చిక్కు ఉంది. ఇరవై లీటర్లు నిండితే ఇరవై కిలోల పైమాటే. దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఇరుకు తలుపులోంచి దించి, బురదలో నడిచి పారబోసే చోటికి మోయాలి. అందుకే పూర్తిగా నిండనివ్వకండి. సగానికి వచ్చాక రోజూ ఉదయం పారబోయడం అలవాటు చేసుకుంటే నడుము బతుకుతుంది.

రెండోది క్యాసెట్ రకం. యూరప్‌లో తయారయ్యే మోటార్‌హోముల్లో, మీరు అద్దెకు తీసుకునే పెద్ద వ్యానుల్లో చాలావరకు ఉండేది ఇదే. పీట లోపల గోడకు బిగించి ఉంటుంది. దాని కింద ట్యాంకు ఒక సొరుగులాగా ఉంటుంది. వ్యాను బయటి నుంచి చిన్న తలుపు తీసి దాన్ని లాగాలి. చక్రాలు, పొడవైన పిడి ఉంటాయి కాబట్టి లాక్కుంటూ వెళ్లవచ్చు. పద్దెనిమిది లీటర్లకు అటూ ఇటూ పడుతుంది. నిండవస్తే ఎర్రదీపం వెలుగుతుంది. మలం ఇంట్లోంచి, అంటే మీ వంటగట్టు పక్కనుంచి పోదు. బయటి నుంచే పోతుంది. ఈ ఒక్క సుగుణానికి నేను దానికి సగం మార్కులు ఇచ్చేస్తాను.

ఇక లెక్కకు వద్దాం. పెద్ద మనిషికి రోజుకు సుమారు 1.4 లీటర్ల మూత్రం. మలం బరువు నూట ముప్పై గ్రాములకు అటూ ఇటూ, అది లెక్కలో పెద్దగా తేలదు. ఇద్దరు మనుషులు, రోజుకు ఇద్దరికీ కలిపి పదిసార్లు అనుకుందాం. ఒక్కోసారి పావు లీటరు నీళ్లు కొట్టినా రెండున్నర లీటర్లు. మొత్తం ఐదున్నర, ఆరు లీటర్లు. పద్దెనిమిది లీటర్ల క్యాసెట్ మూడు రోజులు వస్తుంది. కరపత్రాల్లో చెప్పేది సుమారుగా ఇదే. ఇప్పుడు మన అలవాటు కలపండి. చెంబుతో ఎంత పొదుపుగా కడుక్కున్నా ముప్పావు గ్లాసు, గ్లాసు నీళ్లు. మూడు వందల మిల్లీలీటర్లు అనుకుందాం. పదిసార్లకు మూడు లీటర్లు. రోజుకు ఎనిమిదిన్నర దాటింది, రెండు రోజులకే క్యాసెట్ నిండింది. నలుగురున్న కుటుంబమైతే ఒక్క రోజు. ఇంట్లో ఉన్నట్టు జెట్ స్ప్రే పెట్టించుకున్న ఒక పెద్దమనిషిని నాకు తెలుసు. ఆయన క్యాసెట్ పొద్దున కాఫీకి ముందు ఖాళీగా ఉండేది, సాయంత్రం కాఫీకి ఎర్రదీపం.

జెట్ స్ప్రే వద్దు. పిండితే సన్నధార వచ్చే చిన్న ప్లాస్టిక్ సీసాలు దొరుకుతాయి, నాలుగు వందల మిల్లీలీటర్లవి. సీసా మనిషికొకటి పెట్టుకోండి. సీసాతో కడిగితే నీళ్లు ఎన్ని పోతున్నాయో కంటికి తెలుస్తుంది.

నీళ్లు వాడేవాళ్లకు ఒక మేలూ ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. క్యాసెట్‌లో ఇబ్బంది పెట్టేది కాగితమే. మామూలు కాగితం ముద్దకట్టి మూతి దగ్గర అడ్డుపడుతుంది. అందుకే త్వరగా కరిగే కాగితం అని ప్రత్యేకంగా అమ్ముతారు. తడి తుడుపు కాగితాలైతే అసలు కరగవు, వాటిని క్యాసెట్‌లో వేస్తే మీ సెలవు అక్కడితో సరి. మనం కాగితం తక్కువ వాడతాం కాబట్టి మన క్యాసెట్ త్వరగా నిండినా తేలిగ్గా ఖాళీ అవుతుంది. పలుచగా ఉన్నది ఒక్క వంపులో పోతుంది.

‘ఇంతకంటే పెద్ద ట్యాంకు పెట్టొచ్చు కదా’ అని అడుగుతారు. అమెరికాలో పెడతారు. అక్కడి పెద్ద బండ్లలో ముప్పై, నలభై గ్యాలన్ల ట్యాంకు, అంటే నూరు లీటర్ల పైన, బండి కిందే బిగించి ఉంటుంది. లావుపాటి గొట్టం తగిలించి, బండ్లు ఆపుకునే క్యాంపులోని మురుగుకాలువలోకి వదిలేస్తారు. ముందు మలం ట్యాంకు, తర్వాత స్నానపు నీళ్ల ట్యాంకు. ఆ సబ్బునీళ్లతో గొట్టం కడుక్కుపోతుంది. అక్కడున్న మీ అన్నదమ్ములకు ఒక మాట చెప్పండి: క్యాంపులో గొట్టం తగిలించి ఉంది కదా అని వాల్వు తెరిచి ఉంచకూడదు. నీళ్లు పోతాయి, గట్టిది గుట్టగా మిగులుతుంది. ఇక్కడ సంగతి వేరు. 1997 జనవరి 1 నుంచి కారు పరీక్ష పాసైనవాళ్లకు మామూలు లైసెన్సు మీద 3,500 కిలోల బండి వరకే అనుమతి. మంచాలు, వంటగది, సైకిళ్లు, మనుషులు అంతా అందులోనే సర్దాలి. నూరు లీటర్ల మురుగును మోసుకు తిరిగే వీలు లేదు. అందుకే యూరప్ చిన్న సొరుగుకు స్థిరపడింది.

క్యాసెట్‌ను ఎలా చూసుకోవాలో మూడు ముక్కల్లో చెబుతాను. బండి కదిలేముందు పలక మూసి ఉందో లేదో చూడండి. గిన్నెలో నీళ్లు వదలకండి, మలుపులో నేల మీదికి వస్తాయి. పలక చుట్టూ ఉన్న రబ్బరుకు వాజిలైన్ లాంటివి రాయకండి, పెట్రోలియం సరుకుతో రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ నూనె రాయాలి. పారబోసేటప్పుడు గాలి లోపలికి వెళ్లే బొత్తాం ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుంటేనే ధార నింపాదిగా వస్తుంది, లేకపోతే గుడగుడమని మీ మీదికి చిందుతుంది. అయితే ఆ బొత్తాం మూతి కిందికి వంచాకే నొక్కాలి. కొండ దారుల్లో పైకి వెళ్లే కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. ఆల్ప్స్ ఎక్కాక మొదటిసారి పలక తీసేటప్పుడు ముఖం దాని మీదికి వంచి చూడకండి.

ఇక ఇందులో పోసే రసాయనం. నీలిరంగుది ఒకటి, ఆకుపచ్చది ఒకటి. పాత నీలి ద్రవాల్లో ఫార్మాల్డిహైడ్ ఉండేది. శవాలను చెడకుండా ఉంచే పదార్థం అదే. అది బ్యాక్టీరియాను చంపుతుంది, కుళ్లడం ఆగుతుంది, కంపు రాదు. ఇప్పటి నీలి రకాల్లోనూ బ్యాక్టీరియాను చంపే వేరే రసాయనాలు ఉంటాయి. నా ఉద్యోగం ఇక్కడ అడ్డొస్తుంది. మా శుద్ధి కేంద్రాలు నడిచేదే బ్యాక్టీరియా మీద. పెద్ద నగరం మురుగులో ఒక క్యాసెట్ కలిస్తే ఏమీ కాదు, సముద్రంలో కాకిరెట్ట. కానీ స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న చిన్న క్యాంపులకు నగరపు మురుగుకాలువ లేదు, సొంత సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. వేసవిలో రోజుకు పదిమంది నీలి ద్రవం పోస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ట్యాంకు పని మానేస్తుంది. అందుకే చాలా క్యాంపుల్లో సెప్టిక్ ట్యాంకుకు హాని చేయని ఆకుపచ్చది మాత్రమే వాడమని బోర్డు ఉంటుంది. జర్మనీలోనైతే బ్లూ ఏంజెల్ అనే పర్యావరణ ముద్ర ఉన్న ద్రవాలు చూసి కొనవచ్చు. అసలు రసాయనమే వద్దనుకుంటే చిన్న ఫ్యాను అమర్చుకోవచ్చు. అది క్యాసెట్‌లోని గాలిని బయటికి తోడేస్తుంది. వ్యానులో వాసన రాదు, పక్క వ్యానువాళ్ల సంగతి గాలివాటాన్ని బట్టి ఉంటుంది.

మన రైళ్లలో పెట్టిన బయో టాయిలెట్లు వ్యానులో ఎందుకు పెట్టకూడదని ఇందాక టీ దగ్గర ఒకరు అడిగారు. ‘బండి స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు మరుగుదొడ్డి వాడరాదు’ అన్న బోర్డు చదువుతూ పెరిగినవాళ్లం కదా మనమంతా. పట్టాల మీద పడేదాన్ని ఆపడానికి రైల్వే, డీఆర్‌డీఓ కలిసి గాలి అక్కర్లేని బ్యాక్టీరియాతో పనిచేసే ట్యాంకులు తయారు చేశాయి. మంచి ఆలోచన. కానీ ఆ బ్యాక్టీరియా మలాన్ని తినేందుకు రోజులు పడుతుంది, ట్యాంకు ఎప్పుడూ కొంత నిండి ఉండాలి. రెండు రోజులకోసారి కడిగి ఖాళీ చేసే మన సొరుగులో దానికి కాపురం కుదరదు.

మూడో రకం ఇప్పుడు బాగా ఫ్యాషన్‌లో ఉంది. నీళ్లు లేని పొడి మరుగుదొడ్డి. ముందువైపు ఒక గరాటు, అందులో మూత్రం పోయి సీసాలో చేరుతుంది. వెనకవైపు తొట్టెలో మలం, దాని మీద కొబ్బరి పీచు పొట్టు. స్వీడన్, జర్మనీ, అమెరికాల్లో వీటిని తయారు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. రెండూ కలవకపోతే కంపు రాదన్నది దీని సూత్రం, ఆ సూత్రం నిజమే. మురుగు వాసన పుట్టేది ఎక్కువగా రెండూ కలిసి కుళ్లినప్పుడే. రసాయనం అక్కర్లేదు. చలికాలంలో గడ్డకట్టే నీళ్లూ లేవు. ఇద్దరికి మలం తొట్టె వారం పైనే వస్తుంది. మూత్రం సీసా మాత్రం రోజూ చూసుకోవాలి.

ఇన్ని సుగుణాలున్నదాన్ని మన ఇళ్లకు వద్దంటాను. కడుక్కున్న నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక తొట్టెలోకి. పొడిగా ఉండాల్సిన పొట్టు బురదవుతుంది, సూత్రం మొదట్లోనే చెడుతుంది. ముందు కాగితంతో తుడుచుకుని, ఆ తర్వాత లేచి వేరేచోట కడుక్కోవడం అలవాటు చేసుకోగలిగితే సరే. ఇంకో సంగతి, మగవాళ్లు కూడా కూర్చునే పోయాలి. పిల్లలు గురి తప్పుతారు. విరేచనాలు పట్టుకుంటే ఏ గరాటూ ఏమీ చేయలేదు.

దీన్ని కంపోస్టు మరుగుదొడ్డి అని అమ్ముతారు, ఆ పేరును నమ్మకండి. వారంలో ఏదీ కంపోస్టు కాదు, కాస్త ఎండుతుందంతే. మలాన్ని నిల్వ ఉంచి వాడేవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో మార్గదర్శకాలు ఇచ్చింది. చల్లని దేశాల్లో, అంటే 2 నుంచి 20 డిగ్రీల మధ్య, ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిల్వ ఉంచాలి. 20 నుంచి 35 డిగ్రీల మధ్య ఏడాదికి పైగా. ఎనిమిది రోజుల పొట్టును అడవిలో గొయ్యి తీసి పాతిపెట్టి ‘ప్రకృతికి ఇచ్చేశాం’ అనేవాళ్లను చూశాను. అందులో సజీవంగా ఉన్న నులిపురుగుల గుడ్లను కూడా ఇచ్చారు. సంచిలో గట్టిగా కట్టి, పసిపిల్లల డైపర్లు ఎక్కడ వేస్తారో అక్కడ వేయాలి. అదీ ఆ క్యాంపువాళ్లను అడిగాకే.

గ్యాసుతో కాల్చి బూడిద చేసే నార్వే రకం ఉంది, దాని పేరు సిండ్రెల్లా. వేల పౌండ్లు పెట్టాలి. తడి ఎక్కువైతే గ్యాసూ ఎక్కువే తాగుతుంది. నీళ్ల అలవాటున్నవాళ్లు దాని జోలికి వెళ్లకండి. బకెట్, సంచి రకం గురించి చెప్పేదేమీ లేదు, అత్యవసరానికి కారులో ఒకటి పడేసుకోండి.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. అద్దె వ్యాన్లను క్యాసెట్ ఖాళీ చేయకుండా తిరిగి ఇచ్చేవాళ్లుంటారు, అదనపు రుసుం కట్టి చేతులు దులుపుకుంటారు. వాళ్లలో మనవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. ‘ఆ పని మనం చేయడమేమిటండీ’ అని ఒకాయన నాతో అన్నారు. ఆ ‘మనం’లో ఏముందో ఈ గదిలో అందరికీ తెలుసు. తరతరాలుగా కొన్ని కులాల ఆడవాళ్ల నెత్తిన పెంట గంప పెట్టిన సమాజం మనది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, మళ్లీ 2013లో మరొకటి చేయాల్సి వచ్చింది. ఆ పని పోవాలని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ తెలుగు కుటుంబంలో పుట్టినవారు. ఆయనకు 2016లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మన క్యాసెట్‌కు మూత ఉంది, చక్రాలున్నాయి, చేతికి తొడుగు ఉంది. అయినా దాన్ని ముట్టుకోలేమని ఎవరైనా అంటే, ఆ మనిషికి వ్యాను అద్దెకు ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇంట్లో ఈ పని ఎప్పుడూ ఒక్కరి మీదే పడకుండా కూడా చూసుకోండి. రోజుకొకరు వంతున చేయండి, మగపిల్లలకూ వంతు ఉంది.

పారబోయడం ఎక్కడ? ఈ దేశంలో ఆ చోటును ఎల్సాన్ పాయింట్ అంటారు. ఎల్సాన్ కూడా పాత కంపెనీ పేరే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ బాంబర్ విమానాల్లో వాళ్ల రసాయన మరుగుదొడ్లే ఉండేవి, చలిలో, కుదుపుల్లో దాన్ని వాడలేక సైనికులు తిట్టుకునేవారు. క్యాంపుల్లో ఈ చోటు ఉంటుంది. చిక్కంతా క్యాంపుకు వెళ్లకుండా రోడ్డు పక్కన ఆగేవాళ్లతోనే. ఇన్వర్నెస్ నుంచి బయలుదేరి ఉత్తర తీరం చుట్టివచ్చే 516 మైళ్ల దారికి 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరుపెట్టి ప్రచారం చేశారు. వ్యానులు వెల్లువెత్తాయి, పారబోసే చోట్లు ఆ వేగంతో పెరగలేదు. అక్కడి ఊళ్లవాళ్లు పొలం గట్ల మీద, వాగుల్లో క్యాసెట్లు వంచినవాళ్ల మీద ఇప్పటికీ మండిపడుతున్నారు. స్కాట్లండ్‌లో ఎక్కడైనా ఆగి పడుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది అని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. 2003 నాటి ఆ చట్టం నడిచి వెళ్లి గుడారం వేసుకునేవాళ్లకు హక్కు ఇచ్చింది, మోటారు బండ్లకు ఇవ్వలేదు. రోడ్డు పక్కన ఇనుప జాలీ కనిపించిందని అందులోనూ పోయకండి. అందులో పడేది వాననీరు, చాలాచోట్ల శుద్ధి లేకుండా నేరుగా వాగులో కలుస్తుంది. ఫ్రాన్స్ వెళ్లేవాళ్లు అదృష్టవంతులు. అక్కడ చిన్న ఊళ్లలో కూడా పంచాయతీవాళ్లే వ్యానుల కోసం నీళ్లు పట్టుకునే, మురుగు పారబోసే చోటు కట్టి పెట్టారు.

ఎల్సాన్ పాయింట్ దగ్గర రెండు కుళాయిలు ఉండవచ్చు. ఒకటి క్యాసెట్ కడగడానికి, ఇంకొకటి తాగేనీళ్లది. రెండోదాని మూతిలోకి క్యాసెట్ మూతి ఎక్కించి కడిగేవాళ్లను చూశాక నేను ఏ క్యాంపులోనూ కుళాయి మూతి తుడవకుండా బిందె పెట్టడం లేదు. ఇక జూన్ నుంచి ఆగస్టు దాకా సాయంత్రాలు స్కాట్లండ్ పడమటి తీరంలో మిడ్జీలు అనే సన్నదోమలు మేఘంలా లేస్తాయి. రెండు చేతుల్లో క్యాసెట్ ఉన్నప్పుడు ముఖం మీద వాలితే తోలుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. గాలి వీచేటప్పుడు, మధ్యాహ్నం పూట పని కానివ్వండి.

ఇంకొక నష్టం ఏ కరపత్రంలోనూ ఉండదు. ఆరు మీటర్ల బండి. పల్చటి తలుపు, చిన్న వ్యానుల్లో అదీ లేదు, తెర. ఒకవైపు మామగారు పేపరు చదువుతుంటారు, మరోవైపు కోడలు. చప్పుడు వినిపిస్తుందని రోజంతా బిగపట్టుకుని, మలబద్ధకంతో ఇంటికి చేరే ఆడవాళ్లు ఎంతమందో. వాసన కంటే ఇదే పెద్ద సమస్య. ముప్పై నలభై పౌండ్లకు నిలువుపాటి చిన్న గుడారం దొరుకుతుంది, డబ్బా రకాన్ని అందులో పెట్టి వ్యానుకు దూరంగా వేయండి. బిగించిన క్యాసెట్ ఉన్నవాళ్లు పొద్దున్నే మిగతా అందరినీ నడకకు తోలేయండి. అడిగితే ఎవరూ కాదనరు, అడగడానికే సిగ్గుపడతారు.

(ప్రశ్నలకు ఇచ్చిన జవాబుల నుంచి)

ఏది కొనాలో ఒక్కమాటలో చెప్పమంటున్నారు. పెద్దవాళ్లు వస్తుంటే క్యాసెట్ ఉన్న వ్యాను, దానికి తోడు అదనపు క్యాసెట్ ఒకటి. అది ఉంటే మన నీళ్ల లెక్కకు ఇద్దరికి నాలుగు రోజులు, నలుగురికి రెండు రోజుల దాకా ఊపిరి ఆడుతుంది. ఇద్దరే కుర్రవాళ్లై, రాత్రిళ్లు క్యాంపుల్లోనే ఉంటామంటే ఎత్తున్న డబ్బా రకం చాలు.

మూడేళ్ల పాప గురించి అడిగిన అమ్మకు: ఇంటి నుంచి తన చిన్న పీటే తెచ్చి పెద్ద పీట మీద వేయండి. ప్రయాణానికి వారం ముందు ఇంట్లోనే డబ్బాను హాల్లో పెట్టి ఆడుకోనివ్వండి. రసాయనం పొట్లాలు మాత్రం పైఅరలో పెట్టి తాళం వేయండి, రంగురంగులుగా మిఠాయిల్లా కనిపిస్తాయి.